ఏభై ఒకటో సెంటీమీటరు

రోజు 1

ఈ వేళ గేటు దగ్గరికి నూట పన్నెండు మంది వచ్చారు. అరవై ఏడుగురిని లోపలికి పంపాను. ముప్ఫై మందిని ఆపి ఉంచాను. పదిహేను మందిని తిప్పి పంపేశాను. ఆ పదిహేనులో పదకొండు మంది ఆడవాళ్ళు.

వరసగా మూడు వారాలుగా ఇదే తీరు. ఆఫీసు తెర మీద నేను ఎక్కించే వివరాలు ఏడు రోజులకు చెరిగిపోతాయి. అందుకే విడిగా రాసుకోవడం మొదలుపెట్టాను. మందుల పెట్టెల్లో వచ్చే కాగితాల వెనకవైపు ఖాళీగా ఉంటుంది. వాటినే కలిపి కుట్టుకున్నాను.

నా పేరు గేదెల హైమావతి. వయసు నలభై ఆరు. సముద్రానికి అడ్డంగా కడుతున్న గట్టు మీద పని కోరి వచ్చినవాళ్ళను పరీక్షించడం నా ఉద్యోగం. తల వెనక నుంచి, చర్మానికి ఆనించి, సన్నటి పాయ ఒకటి కత్తిరిస్తాను. కుదురు ఎటో కొస ఎటో తెలిసేలా దారం, దారానికి గుడ్డ పీలిక కడతాను. మిషను దాన్ని సెంటీమీటరు చొప్పున తునకలు చేసి చదువుతుంది. జుట్టు నెలకు ఇంచుమించు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. ఒక్కో తునక ఒక్కో నెల. ఆ నెలలో ఒంట్లోకి మగత మందు వెళ్ళి ఉంటే తెర మీద ఎర్ర గీత పడుతుంది. ఎర్ర గీత పడితే గట్టు మీద పని లేదు, గట్టు లోపల ఇల్లు లేదు, మళ్ళీ దరఖాస్తు పెట్టుకునే వీలూ లేదు.

ఈ నిబంధన అన్యాయమని నేను ఎప్పుడూ అనుకోలేదు. రెండేళ్ళ కిందట క్రేను నడిపే మనిషి ఎండకు తాళలేక మగత పొడి నాలుక కింద పెట్టుకుని, సీట్లోనే నిద్రపోయాడు. దూలం కింద తొమ్మిది మంది పడ్డారు. అందులో ముగ్గురి శరీరాలు నేనే తుడిచాను.

రోజు 2

మగవాళ్ళు పొట్టి జుట్టుతో వస్తారు. వాళ్ళది మూడు నాలుగు నెలల చరిత్ర. గుండు గీయించుకుని వస్తే జుట్టు మూడు సెంటీమీటర్లు పెరిగేదాకా ఆపి ఉంచుతాం. ఆడవాళ్ళు నడుం దాకా జడతో వస్తారు. అయిదేళ్ళ బతుకు వీపు మీద మోసుకుని వస్తారు. నిన్నటి పదకొండు మంది ఎందుకు పోయారో ఆలోచిస్తుంటే ఈ సంగతి తట్టింది. ఇంతకాలం తట్టకపోవడం నా తప్పు.

మధ్యాహ్నం ఒకామె వచ్చింది. చోడిపల్లి ఎర్రమ్మ, ముప్ఫై మూడేళ్ళు, వలలు అల్లే పని. గట్టుకు బయట ఉప్పునీళ్ళ పాకల్లో ఉంటోంది. కుర్చీలో కూర్చోగానే తనే జడ విప్పింది.

"కాస్త లోపలికెల్లి కొయ్యండి మేడంగారూ. పైకి అగుపడకుండా," అంది.

కోశాను. తెర మీద మొదటి తునక నుంచి ఏభయ్యో తునక దాకా పచ్చగా వచ్చింది. ఏభై ఒకటి దగ్గర ఎర్ర గీత.

"మగత మందు కనిపించిందమ్మా. పని ఇవ్వడం కుదరదు."

ఆమె నవ్వింది. నేను వేళాకోళం ఆడుతున్నానని అనుకుంది. తర్వాత నవ్వు ఆగిపోయింది.

"నానెప్పుడూ అలాటియి ముట్టనేదు. మా ఆయన తాగి తాగి సచ్చిపోనాడు. కల్లు వోసనంటేనే నాకు కడుపులో తిప్పీసుద్ది. మల్లీ సూడండి."

ఇంకో పాయ కోసి మళ్ళీ చూశాను. అదే చోట, అదే గీత.

"ఎప్పటిదది?"

"నాలుగేళ్ళ మూణ్ణెల్ల కిందటిది."

ఎర్రమ్మ వేళ్ళు మడిచి లెక్క చూసుకుంది. "ఉప్పెనొచ్చిన యేడు," అంది. "అప్పుడు మాకు తిండే నేదు. మందెక్కడిది?"

జడ మళ్ళీ అల్లుకోకుండానే లేచి వెళ్ళిపోయింది.

రోజు 5

మూడు రోజులుగా ప్రతి ఎర్ర గీతకూ స్కేలు పెట్టి కొలిచి, పేరు ఎదురుగా రాస్తున్నాను. మగవాళ్ళవి కుదురుకు దగ్గరగా ఉన్నాయి, ఒకటి నుంచి నాలుగు లోపు. ఆడవాళ్ళ గీతలు మాత్రం నలభై ఎనిమిదికీ ఏభై నాలుగుకూ మధ్యే. అందరి జుట్టూ ఒకే వేగంతో పెరగదు కాబట్టి ఆ తేడా సహజమే. అంటే అందరిదీ ఒకే నెల.

ఈ రోజు వెళ్ళిపోతున్న ఆడవాళ్ళను ఒక్కొక్కరినీ ఒకే ప్రశ్న అడిగాను. ఉప్పెన తర్వాత ఎక్కడ ఉన్నారని. తొమ్మిది మంది తొమ్మిది ఊళ్ళవాళ్ళు. జవాబు మాత్రం ఒక్కటే: దిబ్బలపాలెం శిబిరం.

నేనూ ఆ శిబిరంలోనే పనిచేశాను. అక్కడ ఆరోగ్య కార్యకర్తని.

రోజు 6

భార్గవ్ గారికి చెప్పాను. గేటు దగ్గర నియామకాలన్నీ ఆయన చేతిలోనే ఉంటాయి. మెత్తగా మాట్లాడే మనిషి. నా కాగితం పూర్తిగా చదివి, మడిచి, నాకే తిరిగి ఇచ్చాడు.

"హైమావతి గారూ, శిబిరాల్లో జనం ఏమేం తిన్నారో, ఎవరిచ్చారో మనకెలా తెలుస్తుంది?"

"ఒకే నెల, ఒకే శిబిరం అండీ. ఇప్పటికి ఇరవై ఆరుగురు. వీళ్ళంతా కూడబలుక్కుని మత్తు వాడారంటారా?"

"నేనేమీ అనట్లేదు. ఆ శిబిరం నడిపింది కూడా మన గట్టు సంస్థేనని మీకు తెలుసు కదా. మీరక్కడ పనిచేసినవారే. మీ క్షేమం కోరి చెబుతున్నా, కొలిచే పని మిషనుకు వదిలేయండి."

ఆయన కళ్ళల్లో ఆశ్చర్యం లేదు.

రోజు 9

రెండు రోజులు ఈ పుస్తకం ముట్టుకోలేదు. ఇప్పుడు జరిగింది జరిగినట్టు రాస్తాను.

దిబ్బలపాలెంలో రెండు వేల పైచిలుకు మంది ఉండేవారు. ఉప్పెన నీళ్ళు వెనక్కి తగ్గడం లేదు. అందరినీ పడవల్లో ఎగువకు తరలించమని ఉత్తర్వు వచ్చింది. మొదటి పడవ మధ్యలోకి వెళ్ళేసరికి జనం భయంతో ఒక్కసారిగా లేచి ఒకవైపు ఒరిగారు. పడవ తిరగబడింది. పైకి తేలినవాళ్ళు తక్కువ.

మర్నాడు తెల్ల డబ్బాలు వచ్చాయి. పైన చీటీ లేదు. శిబిరం అధికారి మా ఆరోగ్య కార్యకర్తలు నలుగురినీ పిలిచి, ఎండకు తట్టుకోవడానికి ఉప్పు పంచదార పొడి అని చెప్పాడు. పడవ ఎక్కబోయే ముందు పోసే గంజిలో కలపమన్నాడు. గంగాళానికి ఇన్ని చెంచాలని కొలత కూడా ఇచ్చాడు. నేను కలిపాను. తొమ్మిది రోజులు కలిపాను. జనం పడవల్లో ఒకరి మీద ఒకరు తలలు వాల్చి కదలకుండా కూర్చున్నారు. ఇంకే పడవా తిరగబడలేదు. పాపం అలిసిపోయారని అనుకున్నాను.

అలా అనుకున్నానా? ఇప్పుడు గట్టిగా చెప్పలేను. పొడి వేలికి అంటితే నాలుక మీద పెట్టుకున్నాను ఒకసారి. ఉప్పగా లేదు, తియ్యగానూ లేదు. చేదు. ఆ చేదు నాకు తెలుసు. తెలిసి కూడా మర్నాడు మళ్ళీ కలిపాను.

అవతలి ఒడ్డుకు చేరాక ఆరుగురు పిల్లలు లేవలేదు. అందరూ మూడేళ్ళ లోపువాళ్ళు. రిజిస్టరులో కారణం రాయాల్సింది నేనే. ఎండదెబ్బ అని రాశాను. ఆరుసార్లు.

రోజు 10

డ్యూటీ మొదలవకముందే వెళ్ళి నా జుట్టు నేనే కోసి మిషనులో పెట్టాను. నా జడ కూడా నడుం దాటి ఉంటుంది. ఎర్ర గీత రావాలని కోరుకున్నాను. నిజంగా కోరుకున్నాను. నేనూ ఆ గంజే తాగి ఉంటే, నేనూ వాళ్ళలో ఒకదాన్నయితే, ఎర్రమ్మ ముందు నిలబడడం ఇంత కష్టం కాదు.

అరవై రెండు తునకలూ పచ్చగా వచ్చాయి. సిబ్బందికి భోజనం వేరే వండేవారు. ఆ సంగతే మరిచిపోయాను.

రోజు 12

ఎర్రమ్మ రెండో అర్జీ పెట్టుకోవడానికి వచ్చింది. అర్జీలు తీసుకోరని తెలిసి కూడా రేకుల షెడ్డు కింద కూర్చుంది. పక్కన కూర్చుని మొత్తం చెప్పాను. డబ్బాలు, చెంచాలు, నాలుక మీద చేదు, రిజిస్టరు.

ఆమె ఒక్కసారి కూడా అడ్డు రాలేదు. నేను ఆపాక అడిగింది.

"పెద్దోలకి ఎన్ని గరిటెలు పోసీవోరు?"

"రెండు."

"పిల్లలకి?"

"ఒకటి."

"గరిటె అదేనా?"

"అదే."

"నాకూ ఓ గుంట ఉండీది," అంది ఎర్రమ్మ. "రెండేళ్ళ ఆడపిల్ల. మూడ్రోజుల నుంచి దాని కడుపులో ఏటీ నేదు. ఒక గరిటె తాగీసి ఇంకా ఇంకా అని ఏడిసింది. నానే మీ కాడికి మల్లీ వొచ్చి, ఇంకో గరిటె ఎయ్యమ్మా అని అడిగినాను. ఏసినారు."

"నాకు గుర్తు లేదు ఎర్రమ్మా."

"గుర్తుండదు. అందరం అడిగినాం." చీర కొంగు వేలికి చుట్టుకుంటూ, విప్పుతూ ఉంది. "నాలుగేళ్ళ నుంచి, ఎండలో ఎత్తుకు తిరిగినానని నన్ను నానే తిట్టుకుంటన్నాను. ఒక గోనెపట్టా అయినా కప్పనేదని మా అత్త ఇప్పటికీ అంటాది."

ఆమె నన్ను కొడుతుందేమోనని అనుకున్నాను. కొట్టి ఉంటే బాగుండేది. లేచి నిలబడి, "మిగిలినోలకి నాను సెప్తాను. మీరు సెప్పకండి. మీ నోటంట ఇంటే తట్టుకోనేరు," అని వెళ్ళిపోయింది.

రోజు 16

గేటు ముందు నలభై ఒక్కమంది ఆడవాళ్ళు కూర్చున్నారు. అరుపులు లేవు, కేకలు లేవు. జడలు విప్పుకుని, జుట్టు ముందుకు వేసుకుని కూర్చున్నారంతే. లోపలికి వెళ్ళే లారీలు ఆగిపోయాయి.

రెండు గంటలకు భార్గవ్ గారు బయటికి వచ్చాడు. మైకు కూడా తీసుకోలేదు.

"అమ్మా, మీకు అన్యాయం జరగనివ్వం. నిబంధన మార్చాం. ఇక నుంచి పన్నెండు సెంటీమీటర్లే చదువుతాం, ఒక్క ఏడాదే. మీరంతా జుట్టు జానెడు ఉంచుకుని మిగతాది కత్తిరించుకుని రండి. ఇంట్లో కత్తిరించుకున్నా సరే, ఇక్కడ చెత్త కాల్చే డ్రమ్ములో వేస్తే చాలు. ఆ రోజే పరీక్ష, ఆ రోజే పని. ఇల్లు కూడా."

"పన్నెండే సదివితే మిగతాది కొయ్యడం దేనికి?" అని ఎర్రమ్మ అడిగింది.

"మిషను సౌకర్యం కోసమమ్మా."

అక్కడ ఉన్న ప్రతి ఒక్కరికీ అర్థమైంది. దిబ్బలపాలెం గంజికి మిగిలిన సాక్ష్యం ఆ జడలే. శిబిరం కాగితాలు ఎప్పుడో పోయాయి. ఆఫీసు తెర ఏడు రోజులకు చెరిగిపోతుంది. ఈ జుట్టు డ్రమ్ములో కాలిపోతే ఇక ఎవరి దగ్గరా ఏమీ ఉండదు.

సాయంత్రం భార్గవ్ గారు నా ముందు ఒక కాగితం పెట్టాడు. మిషను పాడై తప్పుడు గీతలు చూపించిందని నేను రాసి ఇవ్వాలి. ఇవ్వనన్నాను. గేటు తాళం, చేతికున్న పాసు అక్కడే తీసేసుకున్నాడు.

రోజు 18

ఇప్పుడు నేనూ గట్టుకు బయటే ఉన్నాను. షెడ్డు కింద నిలబడి అంతా చూశాను. ఒక్కొక్కరే వచ్చి, తలకు కట్టిన గుడ్డ విప్పి, జుట్టు డ్రమ్ములో వేసి లోపలికి వెళ్ళారు. నలభై మంది. నేను ఎవరినీ తప్పు పట్టలేదు. పాకల్లోకి రోజూ పోటు నీళ్ళు వస్తున్నాయి. వాళ్ళకు ఇంకా బతికి ఉన్న పిల్లలున్నారు.

ఎర్రమ్మ ఒక్కతే మిగిలింది.

"ఇదొకటే ఉంది నా గుంటదని సెప్పుకోడానికి," అంది జడ చూపించి. "దీన్ని కాల్సను."

ఎగువన ఉప్పెన మరణాల విచారణ సంఘం ఉందని, దానికి శిక్ష వేసే అధికారం కూడా ఉందని, అక్కడ చెబుదామని అన్నాను. జుట్టుతో ఆమె, రాతతో నేను, ఇద్దరం ఉంటేనే సాక్ష్యం నిలబడుతుంది. ఒప్పుకుంది. పడవలో నాకు ఎదురుగా కాకుండా, వీపు తిప్పి కూర్చుంది.

రోజు 31

విచారణాధికారి పెద్దామె. నా పుస్తకం మొత్తం చదివింది. గేటు పరీక్ష తర్వాత పెరిగింది తీసేస్తే, వాళ్ళ మిషనులోనూ ఎర్రమ్మ జుట్టుకు ఏభై ఒకటి దగ్గరే ఎర్ర గీత వచ్చింది.

సంస్థ తరఫు వకీలు లేచాడు. ఒక మనిషి జుట్టులో మగత మందు ఉంటే ఆ మనిషి వాడిందనే అర్థమన్నాడు. హైమావతి ఉద్యోగం పోయిన కోపంతో రాసిన కాగితాలకు విలువ లేదన్నాడు.

"ఈ పుస్తకంలో నలభై ఒక్కమంది అని ఉంది. మిగతా నలభై మంది ఏరీ?" అని అధికారి అడిగింది.

జుట్టు డ్రమ్ములో వేసి పనికి వెళ్ళిపోయారని చెప్పాను. ఇంకో సాక్ష్యం తేవడానికి వారం గడువిచ్చింది.

రోజు 38

ఉదయం విచారణ మొదలవగానే ముగ్గురు ఆడవాళ్ళు లోపలికి వచ్చారు. గట్టు కూలీల నీలం చొక్కాలు, జానెడు జుట్టు. ఒకామెను పోల్చుకున్నాను, మైలపల్లి సింహాచలం, సిమెంటు కలిపే దగ్గర పనిచేస్తోంది. ఆమె చేతిలో బియ్యం సంచీ ఉంది. సంచీ తెచ్చి బల్ల మీద కుమ్మరించింది.

జడలు. కుదురు వైపు దారం, దారానికి గుడ్డ పీలిక. నేను గేటు దగ్గర ఎలా కడతానో అచ్చం అలాగే.

"ఎర్రమ్మ కబురెడితే తెచ్చినాం. పందొమ్మిదున్నాయండీ," అంది. "డ్రమ్ములో మేం ఏసినియి పాత సవరాలు. మా అమ్మలియి, అత్తలియి. ఇయి దాసుకున్నాం."

వకీలు వెంటనే అందుకున్నాడు. ఇవి ఎవరి జడలో రుజువేమిటి, మనుషులు రాకుండా జుట్టు ఎలా చెల్లుతుందని.

"మిగతా పదహారు మంది రానేరు బాబూ. వొస్తే పని పోతాది. మేం ముగ్గురం వొచ్చినాం. మాయి సూడండి. సాలకపోతే మీ ఇష్టం."

సింహాచలం కుర్చీలో కూర్చుంది. తల మీది జుట్టూ, జడా ఒక మనిషివేనని మిషను తేల్చింది. తర్వాత జడ చదివింది. తల మీద మిగిలిన జానెడు కలుపుకుని, గేటు పరీక్ష తర్వాత పెరిగింది తీసేస్తే నలభై తొమ్మిది. రెండో ఆమెది ఏభై మూడు. మూడో ఆమెది ఏభై ఒకటి. అధికారి ప్రతి అంకె పైకి చదివి, నా పుస్తకంలో ఆ పేరు ఎదురుగా ఉన్న అంకెతో సరిచూసింది. మూడూ కలిశాయి.

నన్ను నిలబెట్టి అడిగింది. "ఎండదెబ్బ అని రాసినప్పుడు, అది కాదని మీకు తెలుసా?"

"అనుమానం ఉందండీ."

"ఎంత అనుమానం?"

"రాసేటప్పుడు తల్లుల మొహం చూడనంత."

ఎర్రమ్మ మొదటిసారి నా వైపు తలెత్తి చూసింది.

రోజు 45

తీర్పు వచ్చింది. ఆరుగురు పిల్లల మరణానికి కారణం ఎండదెబ్బ కాదు, ఆహారంలో కలిపిన మగత మందు అని దిద్దారు. మందు పంపినవాళ్ళ మీద వేరే విచారణ ఉంటుందన్నారు. ఎప్పుడన్నది చెప్పలేదు. తెలియకుండా పెట్టిన మందును పనికి అనర్హతగా లెక్కించరాదని కూడా రాశారు. గట్టు సంస్థ దానికి కట్టుబడాలో లేదో పై కోర్టు తేల్చాలట. అందాకా ఎర్రమ్మకు పని లేదు. సింహాచలాన్నీ మిగతా ఇద్దరినీ మొన్ననే బయటికి పంపేశారు. కారణం, మూడు రోజులు పనికి రాకపోవడం.

తప్పుడు మరణ కారణం రాసినందుకు, అనుమానం ఉండీ మందు కలిపినందుకు నాకు మూడేళ్ళ జైలు. నేను అప్పీలు చేయనన్నాను.

బయట పోలీసు బండి పక్కన నిలబెట్టారు. ఆ నలుగురూ మెట్లు దిగి వచ్చారు. ఎర్రమ్మ మిగతావాళ్ళను ఆగమని, తనొక్కతే నా దగ్గరికి వచ్చింది. క్షమించమని అడుగుదామని నోరు తెరిచాను. చెయ్యి అడ్డం పెట్టింది.

"అది అడక్కండి. నా కాడ నేదు. నానొచ్చింది యేరే పనికి. ఆరుగురన్నారు గదా. మిగతా అయిదుగురి తల్లులూ ఏ ఊరోలు?"

"రిజిస్టరులో రాశాను. అదిప్పుడు లేదు కానీ, కొన్ని గుర్తున్నాయి."

"రాసియ్యండి. నా లాగే ఆ తల్లులూ ఇన్నేళ్ళూ ఆలని ఆలే తిట్టుకుంటుంటారు. ఎల్లి సెప్పాల."

కానిస్టేబులు పెన్ను ఇచ్చాడు. ఈ పుస్తకంలో నుంచే ఒక కాగితం చింపి, బండి బానెట్ మీద పెట్టి రాశాను. ముగ్గురి పేర్లు, ఊళ్ళు గుర్తొచ్చాయి. నాలుగో ఆమె పేరు తెలుసు, ఊరు తెలియదు. అయిదో ఆమె పేరు కూడా లేదు నా దగ్గర. ఎడమ చేతి మీద కాలిన మచ్చ ఉండేదని, పిల్లాణ్ణి పసుపు రంగు తువ్వాలులో చుట్టి తెచ్చిందని రాశాను.

ఎర్రమ్మ కాగితం తీసుకుని ఒక్కో పేరూ నాచేత రెండుసార్లు చదివించుకుంది. మడిచి రొంటిన దోపుకుంది. రేవు వైపు నడుస్తూ ఆ ముగ్గురితో ఏదో చెప్పింది. ఊళ్ళు పంచుకుని, ఇద్దరు ఒక దారిన, ఇద్దరు ఇంకో దారిన విడిపోయారు.